అక్క వంతు మందు

సౌకార్‌పేటలో వెండి పట్టీల అంగళ్ళ వెనక సందులో ఒకప్పుడు ఆదికేశవులు నాయుడి మెస్సు ఉండేది. మూటలు మోసేవాళ్ళూ, గుమాస్తాలూ, బయటూళ్ళ నుంచి సరుకు కొనడానికి వచ్చినవాళ్ళూ మధ్యాహ్నమయ్యేసరికి ఆ సందులో వరసకట్టేవాళ్ళు. పేరు ఆదికేశవులుదైనా, వచ్చినవాళ్ళను పలకరించి కూర్చోబెట్టేది ఆయన తమ్ముడు వరదరాజులైనా, వంట మాత్రం ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరిదే. పెద్దామె చూడామణి, చిన్నామె మంగళ.

మంగళ పుత్తూరు పక్కనుంచి కాపురానికి వచ్చేనాటికి ఆమెకు ఉల్లిపాయలు తరగడం తప్ప పెద్దగా ఏమీ రాదు. చూడామణి విసుక్కోకుండా అన్నీ నేర్పింది, ఒక్క పెద్ద పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. వంటగది ఇంటి వెనక ఉండేది. కిటికీ లేదు. రంపపు పొట్టు కూరిన పొయ్యిలు రెండు, కట్టెల పొయ్యి ఒకటి. పొగ పోవడానికి గోడ పైన చిన్న కంత. మంగళను తలుపు దగ్గర కూరలు తరగడానికీ, పిండి రుబ్బడానికీ కూర్చోబెట్టి చూడామణి గోడవైపు నిలబడేది. నేనూ కాసేపు కలుపుతానక్కా అని మంగళ లేచినప్పుడల్లా, నీ కొంగు సాంబారులో పడతాది, ఆడనే ఉండు అని కసిరేది.

ఆ వంటగదిలోకి గ్యాసు వచ్చేసరికి ఇద్దరి తలలూ నెరిశాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆదికేశవులు పోయాడు, అన్న వెనకే వరదరాజులూ పోయాడు. మెస్సు మూతపడింది. కింద ప్లాస్టిక్ సామాన్ల అంగడి పెట్టుకున్నారు ఎవరో. మేడమీద రెండు గదుల్లో తోడికోడళ్ళిద్దరూ మిగిలారు. మంగళకు పిల్లలు లేరు. చూడామణికి ఒక్కతే కూతురు, కార్తీక. ఆ పిల్ల ఇద్దరి చేతుల్లోనూ పెరిగింది. జడ వేయించుకోవడానికి చిన్నమ్మ దగ్గరికి, దెబ్బలు తినడానికి అమ్మ దగ్గరికి వెళ్ళేదని వీధిలో నవ్వుకునేవాళ్ళు. పెళ్ళయి టి. నగర్‌లో కాపురం పెట్టాక అక్కడే ఒక పట్టుచీరల దుకాణంలో పనికి కుదిరింది. ప్రతి ఆదివారం వచ్చి ఇద్దరికీ తలంటి పోయేది.

దగ్గు తోడికోడళ్ళిద్దరికీ ఎప్పటినుంచో ఉంది. వంటచేసేవాళ్ళకు దగ్గు రాక ఏమొస్తుందని ఇద్దరూ పట్టించుకోలేదు. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో నిలబడిపోవడం మొదలయ్యాక, చూడామణి ఒక తెల్లవారుజామున మంచం మీద ఒరగలేక గోడకానుకుని కూర్చుని ఉండటం చూశాక, కార్తీక ఇద్దరినీ ఆటోలో ఎక్కించి ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. గొట్టంలోకి ఊదించారు, ఛాతీకి ఫోటోలు తీశారు. చదువు ముగించి కొత్తగా చేరిన కుర్ర డాక్టరు కాగితాలు చూసి, బీడీ అలవాటుందా అని తమిళంలో అడిగాడు.

చూడామణి నవ్వబోయి దగ్గుతో మెలికలు తిరిగింది. తేరుకుని, "ముప్పై ఏండ్లు తాగినాం నాయనా, పొయ్యి ముందర నిలబడి" అంది.

ఆ మాటకు పక్కగదిలోంచి పెద్ద డాక్టరు శ్రీప్రియ లేచి వచ్చింది. ఆమె నవ్వలేదు. ఇద్దరికీ ఉన్నది సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బనీ, దాన్ని అందరూ సిగరెట్లు తాగే మగవాళ్ళ జబ్బనే అనుకుంటారనీ, మందుల పరీక్షలు కూడా ఎక్కువగా వాళ్ళమీదే జరిగాయనీ, పొయ్యి పొగతో ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు కుంచించుకుపోయిన ఆడవాళ్ళు వేలమంది ఉన్నా వాళ్ళకు ఏది పనిచేస్తుందో సరిగ్గా తెలియదనీ చెప్పింది. పాడైంది మళ్ళీ బాగుపడదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. చూడామణికి జబ్బు బాగా ముదిరింది, మంగళకు ఇంకా నయం. తను అలాంటి ఆడవాళ్ళకోసమే ఒక కొత్త మందు మీద అధ్యయనం చేస్తున్నానని, ఇష్టమైతే చేరవచ్చని అంది.

వివరాలన్నీ చెప్పింది ధన్య. అధ్యయనం పనులు చూసుకునే అమ్మాయి, మైలాపూరు పిల్ల, ఇంట్లో తెలుగే. వాళ్ళ ఎదురుగా స్టూలు మీద కూర్చుని నిదానంగా చెప్పింది. ఇప్పుడు వాడే మామూలు మందు అందరూ వాడుతూనే ఉంటారు. దానికి తోడు నీలంరంగు ఇన్‌హేలర్ ఒకటి ఇస్తారు. కొందరి దాంట్లో కొత్త మందు ఉంటుంది. కొందరి దాంట్లో ఏమీ ఉండదు, ఉత్త గాలి లాంటిది. ఎవరికి ఏది వెళ్ళాలో కంప్యూటరే తేలుస్తుంది. అది డాక్టరుకీ తెలియదు, తనకీ తెలియదు. ఊపిరి వ్యాయామాలు, నడక మాత్రం అందరికీ నేర్పుతారు.

"మందు లేనిది పీల్చి మాకేం లాభం పాపా?" అని అడిగింది చూడామణి.

"అది లేనివాళ్ళతో పోల్చి చూస్తేనే కదమ్మా, ఉన్నవాళ్ళకి నిజంగా మేలు జరిగిందో లేదో తెలిసేది" అంది ధన్య. ఒకే ఇంటివాళ్ళిద్దరిని చేర్చుకోవడానికి ఆమె ముందు తటపటాయించింది. లోపలికి వెళ్ళి డాక్టరును అడిగి వచ్చి, సరేగానీ ఒకరిది ఒకరు పొరపాటున కూడా వాడకూడదని మరీ మరీ చెప్పింది. ఎవరి ఇన్‌హేలర్ తొడుగు మీద వాళ్ళ పేరు అంటించి చేతికిచ్చి, నెలనెలా లోపలి డబ్బీ కొత్తది ఇస్తామంది.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో చూడామణి మంగళ మోకాలు మీద తట్టి, ఇద్దరిలో ఒకరికన్నా అసలుది రాకపోతుందా అంది.

*

కొన్ని వారాలకే చూడామణిలో మార్పు కనబడింది. మింట్ స్ట్రీట్ చివరదాకా నడిచిపోయి పూలు కొనుక్కొచ్చింది. ఆయాసం లేకుండా కార్తీకతో ఫోనులో మాట్లాడింది. ధన్య నేర్పిన వ్యాయామాలు చేస్తూ పెదాలు సన్నగా సున్నాలా చుట్టి గాలి వదులుతుంటే, ఈల వేసే పోకిరీలా ఉన్నావక్కా అని మంగళ ఏడిపించేది.

"నాది అసలుదే మే" అనేది చూడామణి ధీమాగా. "నోట్లో కొట్టుకోగానే లోపల తలుపులు తెరిచినట్టుంటాది."

మంగళకు అలాంటిదేమీ అనిపించేది కాదు. మెట్ల మధ్యలో ఇంకా ఆగాల్సే వచ్చేది. ఒక సాయంత్రం ఆమె నీళ్ళ బిందె పైకి తెచ్చి గడపలోనే కూలబడిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. చూడామణి పరుగున వచ్చి వీపు రుద్దుతూ ఉండిపోయింది. ఊపిరి కుదుటపడ్డాక మంగళ తలెత్తి చూస్తే అక్క మొహంలో ధీమా లేదు. తప్పు చేసి దొరికినదానిలా చూస్తోంది.

ఆ వారం నుంచి ఇన్‌హేలర్లు కడగడం చూడామణి తనమీద వేసుకుంది. వాటి లోపలి డబ్బీ తీసి పక్కనపెట్టి, ప్లాస్టిక్ తొడుగు మాత్రం వారానికోసారి కడిగి ఆరబెట్టమని ధన్య చెప్పింది. నువ్వు సరిగా ఆరబెట్టవు, తడి ఉంటే మందు పాడైతాదంట అంటూ చూడామణి రెండూ తీసుకుపోయి కడిగి, గుడ్డతో తుడిచి, మంగళది మంగళ చేతికిచ్చేది. కొంగు సాంబారులో పడుతుందని కసిరిన మనిషి ఇన్‌హేలర్ కడగనివ్వకపోవడం మంగళకు వింతగా అనిపించలేదు.

వానాకాలం వచ్చేసరికి మంగళ తేరుకుంది. మొదట ఆమెకే నమ్మకం కలగలేదు. ఒకరోజు కింద కూరలు బేరమాడి పైకి వచ్చాక గుర్తొచ్చింది, మెట్లమీద ఎక్కడా ఆగలేదని. వెల్లకిలా పడుకోగలిగింది. పొద్దున లేవగానే గుండెల మీద రాయిలా ఉండే బరువు లేదు. ఈ మాట చెబితే చూడామణి మొహం చేటంత చేసుకుంది. ఎక్కి చూపించమని ఆమెను మళ్ళీ కిందికి పంపి, మెట్ల పైన నిలబడి చిన్నపిల్ల నడక చూసినట్టు చూసింది. ఆ పూట పాయసం కాచింది.

ఆసుపత్రిలో ఊదినప్పుడు మంగళ గాలి ముందుకంటే బాగుంది. చూడామణిది తగ్గింది. వయసు గదా అని ఆమె తేల్చేసింది. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగినా బాగానే ఉండానని చెప్పింది. ఇంట్లో కూడా ఆమె ఎక్కువగా మాట్లాడటం మానేసింది, మాటకు ఊపిరి చాలడం లేదని బయటపడకుండా. మంగళ ఆ రోజుల్లో తన కాళ్ళమీద తను తిరుగుతున్న సంబరంలో ఉంది. గుడికి పోయింది, పాత స్నేహితురాళ్ళ ఇళ్ళకు పోయింది. తిరిగి వచ్చేసరికి అక్క గోడకానుకుని కూర్చుని ఉండేది. అలసిపోయినావా అంటే, లేదు నీకోసమే ఎదురుచూస్తా ఉండా అనేది.

భోగి నాటి తెల్లవారుజామున సందు సందంతా పాత చాపలూ, టైర్లూ తగలబెట్టారు. తలుపులు, కిటికీలు మూసి వాటి ఖాళీల్లో తడిగుడ్డలు కూరినా పొగ లోపలికి వచ్చింది. మంగళకు దగ్గొచ్చింది, అంతే. చూడామణి ఊపిరి అందక కొట్టుకోవడం మొదలుపెట్టింది. కింది అంగడివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి దించి ఆటో ఎక్కించారు. దారి పొడవునా పొగమంచులో ఆటో పాకుతుంటే మంగళ ఆమె తలను రొమ్ముకు హత్తుకుని, అక్కా పెదాలు చుట్టు, పెదాలు చుట్టి వదులు అంటూనే ఉంది. చూడామణి పెదాలు చుట్టలేకపోయింది.

మూతికీ ముక్కుకీ మాస్కు బిగించి మిషనుతో గాలి లోపలికి తోశారు. కొంచెం నెమ్మదించింది. మరునాడు మధ్యాహ్నం కార్తీక రక్తపరీక్షల గదికి వెళ్ళినప్పుడు మంగళ ఒక్కతే మంచం పక్కన ఉంది. చూడామణి కళ్ళతోనే దగ్గరికి పిలిచి మాస్కు పక్కకు లాగింది. మంగళ వద్దని మళ్ళీ పెట్టబోతే చేయి పట్టుకుంది.

"నీ తొడుగులో ఉండేది నా డబ్బీ" అంది. ప్రతి మాటకీ మధ్య ఆగుతోంది. "నీది నాకు పెట్టుకున్నా. కొత్తవి ఇచ్చినప్పుడల్లా, కడిగేటప్పుడు మారస్తా ఉండినా."

మంగళకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎందుకట్లా చేస్తివక్కా?"

"నీకు పడింది గదా." చూడామణి మొహంలో నవ్వు లాంటిది కదిలింది. "మెట్లెక్కినావు గదా. మళ్ళా మార్చుకోవద్దు. ఎవురికీ చెప్పొద్దు."

నర్సు వచ్చి కేకలేసి మాస్కు సరిచేసింది. ఆ తర్వాత చూడామణి మాట్లాడలేదు. మాట్లాడటానికి వీలు కూడా కాలేదు. పండగ సెలవులు ముగియకముందే, ఒక పొద్దున, వార్డులో కాఫీలు పోస్తున్న వేళ పోయింది.

*

ఇల్లు నిండా చుట్టాలున్నన్నాళ్ళూ మంగళ ఆ నీలంరంగు ఇన్‌హేలర్‌ను ముట్టుకోలేదు. ముట్టుకోవాలంటే అక్క నోటికాడి కూడు లాక్కున్నట్టుండేది. పెద్దకర్మ ముందు రోజు ఉక్కిరిబిక్కిరై తట్టుకోలేక తీసి పీల్చింది. పీల్చి, గోడవైపు తిరిగి ఏడ్చింది. అందరూ అక్కకోసం అనుకున్నారు. అక్కకోసమే, కానీ వాళ్ళనుకున్నట్టు కాదు.

కర్మలయ్యాక ధన్య ఇంటికి వచ్చింది. చూడామణి ఫోటోకు దండంపెట్టి కూర్చుంది. అధ్యయనంలో ఉన్నవాళ్ళు ఎవరు పోయినా పైవాళ్ళకు తెలపాలని, ఆమె ఇన్‌హేలర్ కూడా తీసుకుపోవాలని మెల్లగా చెప్పింది.

మంగళ లేచి తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, "మా అక్కకు అసలు మందే వచ్చుంటే, ఆ మందు వాడి పోయినట్టే గదా మీరు రాసుకునేది?" అని అడిగింది.

"మా లెక్కలో అంతేనమ్మా. ఆమె పేరు ఏ గుంపులో ఉంటే ఆ గుంపులోనే వస్తుంది."

ధన్య వెళ్ళిపోయాక మంగళకు స్థిమితం లేదు. ఎవరికీ చెప్పొద్దని అక్క చేయి పట్టుకుని చెప్పింది. చెప్పకపోతే, తన ఊపిరి నిలబెట్టిన మందుకే అక్క చావు అంటుకుంటుంది. రేపు ఆ మందు వద్దని పక్కన పడేస్తే? ఎక్కడెక్కడి పొయ్యిల ముందో నిలబడిన ఆడవాళ్ళకు అది అందకుండా పోతే? అక్క ఇచ్చింది తన ఒక్కదానితో ఆగిపోతుంది. అలా ఎన్ని విధాల ఆలోచించినా, మాట తప్పడమే అక్కకు న్యాయం అనిపించింది. మరునాడే బస్సెక్కి ఆసుపత్రికి పోయి, శ్రీప్రియ ఎదుట కూర్చుని అంతా చెప్పేసింది.

డాక్టరు కోప్పడలేదు. విన్నంతసేపూ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకునే ఉంది. ఇది తప్పకుండా రాసి పంపాలి, మీరు వచ్చి చెప్పడం మంచిదైంది అంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పింది. ఎవరి దాంట్లో ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, అధ్యయనం ముగిసేదాకా తెలియదు, అందాకా మీరు ఏదీ మనసులో ఖాయం చేసుకోవద్దు అని. మంగళ తలూపింది. ఆమెకు మాత్రం అనుమానమే లేదు. తన రొమ్ములో ఆడే గాలికంటే ఇంకేం రుజువు కావాలి?

ఆసుపత్రిలో చెప్పాక కార్తీకకు దాచడం కుదరదు. ఆ ఆదివారం కార్తీక వచ్చి తలంటడానికి నూనె వెచ్చబెడుతుంటే చెప్పింది. కార్తీక స్టవ్వు ఆపేసింది. ఇటు తిరగలేదు.

"నీకు తెలీలేదా చిన్నమ్మా?" అంది. "ఒకే గదిలో పడుకుంటారే. అమ్మకు దినదినమూ ఎక్కువైతా ఉండాది, నీకు తగ్గతా ఉండాది. నీకు అనుమానమే రాలేదా?"

"రాలేదు బంగారూ."

"నువ్వు చూసుంటే వచ్చుండేది. నువ్వు చూడలేదు."

కార్తీక గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని మంగళ తర్వాత చాలాసార్లు అనుకుంది. అమ్మ చీరలు రెండు సంచిలో పెట్టుకుని, అమ్మ పీల్చాల్సింది నువ్వు పీల్చినావని గుమ్మంలో నిలబడి ఒక్క మాట అని దిగిపోయింది. మళ్ళీ రాలేదు. ఫోను చేస్తే అల్లుడు తీసి, ఇంట్లో లేదత్తా అనేవాడు. ఏడూడి తద్దినం కూడా కార్తీక తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆ సంగతి మంగళకు మూడోవాళ్ళ వల్ల తెలిసింది. ఆ రోజు ఆమె తనకు తోచినట్టు నాలుగు కూరలు చేసి, కాకికి ముద్ద పెట్టి, ఒక్కతే కూర్చుని తిన్నది.

ఆసుపత్రికి మాత్రం తప్పకుండా పోయేది. ఇచ్చింది పీల్చేది, నడవమంటే నడిచేది, ఊదమంటే శక్తికొద్దీ ఊదేది. అక్క డబ్బీ అయిపోయి ఇప్పుడు తన పేరుదే వస్తున్నా, అక్క మందు నిలబెట్టిన ఊపిరి కాబట్టి ప్రతి ఊపిరీ అక్కదేనని నమ్మింది. పాపం చేసినట్టుండేది. అయినా ఆ పాపంలో ఒక తోడు ఉండేది. మెట్లెక్కుతూ, ఇదిగో అక్కా ఎక్కేసినా అని పైకే అనేది.

*

మరో వానాకాలం గడిచాక ధన్య ఫోను చేసి, అధ్యయనం ముగిసింది, ఫలితాలు వచ్చాయి, వీలైతే ఎవరినైనా తోడు తెచ్చుకోండి అంది. మంగళకు తోడెవరున్నారు? ఒక్కతే పోయింది.

శ్రీప్రియ ఆమెను కూర్చోబెట్టి ముందు మంచి కబురు చెప్పింది. కొత్త మందు గొప్ప అద్భుతమేమీ చేయలేదు గానీ, వాడినవాళ్ళు ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలవడం కొంత తగ్గింది. మీరు వచ్చి నిజం చెప్పడం వల్ల మా లెక్క సరిగా నిలిచింది అంది. తర్వాత కాస్త ముందుకు వంగి, మంగళ చేయిమీద చేయి వేసి, ఇన్నాళ్ళూ మీరు మోసిన బరువు దించుకోవచ్చు అంది తమిళంలో.

మంగళ అర్థంకాక ధన్యవైపు చూసింది.

"మీ ఇద్దరికీ వచ్చింది ఉత్తదేనమ్మా" అంది ధన్య. "మందు లేనిదే. ఇద్దరిదీ. అక్క మార్చినా మార్చకపోయినా ఒకటే. ఆమె మందు మీరు వాడలేదు. మీవల్ల ఆమెకు ఏదీ తక్కువ కాలేదు."

మంగళ డాక్టరువైపు తిరిగింది. "మరి నాకెట్లా తగ్గింది?" అంది.

నడక, వ్యాయామం క్రమం తప్పకుండా చేశారు, మామూలు మందు సరిగా వాడారు, వానలకు గాలి శుభ్రపడింది, అన్నీ కలిసొచ్చాయి అని డాక్టరు వివరించింది. బాగవుతామన్న నమ్మకం కూడా ఆయాసాన్ని కొంత తగ్గిస్తుంది. మీ అక్కకు మొదట్లో బాగనిపించింది అలాగే. ఆమె జబ్బు మొదటినుంచీ ముదిరినదే, అది దాని దారిన అది పోయింది.

"అసలుది ఆమెకు వచ్చుంటే?"

శ్రీప్రియ అబద్ధం చెప్పలేదు. "చెప్పలేనమ్మా" అంది. "ఎవరూ చెప్పలేరు."

ఊరట కలుగుతుందనుకుని చెప్పిన మాట అది. మంగళ ఆ కుర్చీలో ముందుకు వంగిపోయి, శ్మశానానికి అక్కను తీసుకుపోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఎందుకేడుస్తోందో ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలియలేదు. నేరం పోయింది, నిజమే. దానితోపాటు అక్కా పోయింది. ఇన్నాళ్ళూ తన లోపల ఆడుతున్నది అక్క ఇచ్చిన గాలి అనుకుంది. ఏమీ లేదట. పెదాలు నల్లబడుతున్నా పంటి బిగువున దాచుకుని, తన ప్రాణమే తీసి ఇస్తున్నాననుకుని అక్క నెలనెలా ఇచ్చింది ఉత్త డబ్బీ. ఇచ్చినామెకు తెలియదు, పుచ్చుకున్నామెకు తెలియదు. అక్క ఆఖరిసారి నవ్విన నవ్వు ఒక పొరపాటు మీద నవ్వినది.

ఉత్తది వాడినవాళ్ళకు ఇప్పుడు కొత్త మందు ఇస్తామని, వచ్చే వారం వస్తే మొదలుపెడదామని డాక్టరు చెప్పింది. మంగళ ఔననలేదు, కాదనలేదు. ధన్య గేటుదాకా వచ్చి ఆటో పిలవబోతే వద్దంది.

ఆమె ఇంటికి పోలేదు. బస్సెక్కి టి. నగర్‌లో దిగింది. పాండీ బజారు జనంలో అడుగులో అడుగు వేసుకుంటూ కార్తీక పనిచేసే దుకాణం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చలవ గదిలో పరచిన తెల్లటి పరుపు మీద కార్తీక ఎవరికో పెళ్ళిచీర విప్పి చూపిస్తోంది. చిన్నమ్మను చూసి చేతులు ఆగిపోయాయి. పక్క అమ్మాయికి చీర అప్పగించి, ముందు నడిచి, సరుకు దించే వెనక సందులోకి తీసుకుపోయింది. మనిషి చిక్కింది. వాళ్ళమ్మ చీరల్లో ఒకటి కట్టుకుని ఉంది.

మంగళ నిలబడే చెప్పింది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట చేర్చకుండా.

కార్తీక విని, గోడకు చేరగిలబడింది. సందులోకి ఒక వ్యాను వెనక్కి వస్తుంటే ఇద్దరూ పక్కకు జరిగి, అది ఆగేదాకా అలాగే నిలబడ్డారు.

"అట్లయితే మా అమ్మ ఊరికే పొయ్యిందా?" అంది కార్తీక.

మంగళ ఒక అడుగు దగ్గరికి వేసింది.

"నీ మింద కోపంతోనే ఇన్నాళ్ళూ నిలబడినా చిన్నమ్మా. పొద్దున లేస్తానే నిన్ను తిట్టుకునేదాన్ని. అప్పుడే లేచి పనికి రాగలిగేదాన్ని." పైట కొంగు పిడికిట్లోకి తీసుకుంది. "ఇప్పుడు ఎవుర్ని తిట్టుకోవాల?"

"నన్నే తిట్టుకో తల్లీ. నేనేమీ అనుకోను" అంది మంగళ.

కార్తీక మెట్టుమీద కూర్చుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, లోపలివాళ్ళకు వినబడకుండా ఏడ్చింది. మంగళ పక్కనే కూర్చుని వీపు మీద చేయి వేసింది. కార్తీక ఆ చేతిని తీసేయలేదు. దగ్గరికీ జరగలేదు. లోపలినుంచి ఎవరో ఆమె పేరు పెట్టి పిలిచారు. మొహం తుడుచుకుని లేచింది.

"నీకు ఇప్పుడు అసలుది ఇస్తారంటనా?"

"ఇస్తామన్నారు."

కార్తీక తలుపు మీద చేయి వేసి ఆగింది. "తీసుకో" అంది, మొహం ఇటు తిప్పకుండానే. "ఒక్కదానివే పోవద్దు. నాకు ఫోను చెయ్యి."

తలుపు మూసుకుంది. మంగళ వెంటనే లేవలేకపోయింది. వ్యానులోంచి చీరల కట్టలు దించుతున్నవాళ్ళు ఆమెను తప్పించుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఎవరో కొంచెం జరగమ్మా అన్నారు. ఆమె మెట్టు చివరికి జరిగి, ఊపిరి నిలకడ చిక్కేదాకా అక్కడే కూర్చుని ఉండిపోయింది.